ఇరవై పెట్టెల చిలుకలు

మంచిర్యాల స్టేషన్‌లో గూడ్స్ షెడ్డు ముందు లారీ ఆగేసరికి సోమవారం పగలు పది దాటింది. నిర్మల్ నుంచి ఖానాపూర్, జన్నారం మీదుగా వచ్చే ఆ అడవి దారిలో లారీ కుదిపినప్పుడల్లా అంబదాస్ వెనక్కి తిరిగి పెట్టెల వైపు చూస్తూనే వచ్చాడు. ఇరవై చెక్కపెట్టెలు. ఒక్కోదానిలో ముప్ఫై కొయ్య రామచిలుకలు. అవి ఇక్కడ రైలెక్కి మద్రాసు పోవాలి, అక్కడ ఓడెక్కి ఆస్ట్రేలియా పోవాలి. అది 1964 మే నెల. షెడ్డు రేకుల కింద నిలబడితే కొలిమి ముందు నిలబడ్డట్టే ఉంది.

అంబదాస్‌ది నిర్మల్‌లో తరతరాలుగా బొమ్మలు చేసే ఇల్లు. మెత్తటి, తేలికైన పొనికి కర్ర తెచ్చి చెక్కడం అతని పని. చెక్కిన దానికి చింతగింజల లప్పం పూసి నున్నగా రుద్దడం భార్య నర్మద పని. రంగు, కన్ను, రెక్కల మీది గీతలు అన్నీ అక్క గంగుబాయివి. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే ఆమె పుట్టింటికి వచ్చింది. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్లుగా ఆమె చేతిలో కుంచె ఆడుతూనే ఉంది. ఆమె వేసిన చిలుకను జాతరలో పెడితే పిల్లలు ఇంకో బొమ్మ వైపు చూసేవాళ్లు కారు.

జాతర వేరు, ఆస్ట్రేలియా వేరు అని తెలియడానికి వాళ్లకు ఏడాది పట్టింది. హైదరాబాద్‌లో సరుకు బయటి దేశాలకు పంపే దేవదాస్ అనే వ్యాపారి ఒకసారి నిర్మల్ వచ్చి, మెల్‌బోర్న్ అనే పట్నంలో ఒక దుకాణం వాళ్లు చిలుకలు అడుగుతున్నారని నమూనాలు తీసుకుపోయాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఓడలో కర్ర పగిలిందట. అంబదాస్ కర్రను పొట్టు నిప్పు మీద ఇంకో వారం ఆరబెట్టి మళ్లీ ఐదు చిలుకలు పంపాడు. ఈసారి పగల్లేదు గానీ, ఐదు చిలుకలకు ఐదు ముఖాలున్నాయి, మాకు ఒకే ముఖం కావాలి అని రాశారు. బడి పంతులు హనుమండ్లు ఆ ఉత్తరం చదివి చెప్పినప్పుడు గంగుబాయికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఒక్క అవ్వ కడుపున పుట్టినోళ్లమే నేనూ నువ్వూ ఒక్కతీరుగ ఉన్నమా? చిలుకలెట్లుంటయ్?" అని తమ్ముణ్ణి అడిగింది. రెండు రోజులు కుంచె ముట్టలేదు. మూడోరోజు తనే ఒక అట్టముక్క కత్తిరించుకుని, కంటికీ ముక్కుకూ కొలత పెట్టుకుని మొదలుపెట్టింది.

ఆ తర్వాత రంగు సంగతి వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా రంగు ఊడకూడదన్నారు. అదీ అయింది. చివరికి, ప్రతి బొమ్మ అడుగున ఇంగ్లీషులో 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉండాలి, లేకపోతే వాళ్ల దేశపు రేవులో దిగనివ్వరు అన్నారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివినవాళ్లు ఎవరూ లేరు. దేవదాస్ పలుచటి రేకులో అక్షరాలు కోయించి పంపాడు. రేకును బొమ్మ అడుగున ఆనించి పైన నల్లరంగు అద్దితే అక్షరాలు పడతాయి. ఆరు వందల బొమ్మలకూ గంగుబాయే అద్దింది.

ఇన్ని దాటుకుని వచ్చిన పెట్టెలు అవి.

లారీలోంచి దించడం పూర్తయ్యాక గూడ్స్ క్లర్కు రాయమల్లు చేతిలో ఒక కాగితంతో బయటికి వచ్చాడు. మెట్‌పల్లి మనిషి, యాభైకి దగ్గరలో ఉంటాడు, నిదానంగా మాట్లాడతాడు.

"అంబదాస్ అంటె నువ్వేనా? నీ పేరు మీద హైదరాబాద్ నుంచి టెలిగ్రాం వచ్చింది. పొద్దున్నుంచి నీ కోసమే చూస్తున్న."

"ఏమున్నది సారూ అండ్ల?"

"పెట్టెలల్ల గడ్డి పెట్టినవా?"

"పెట్టిన. వరిగడ్డి. గడ్డి లేకుంటె ముక్కులు ఇరుగుతయ్ గద."

రాయమల్లు కాగితం ఇంకోసారి చూసుకున్నాడు. "గడ్డి ఉంటె సరుకు దిగనియ్యరట. గడ్డిల పురుగులుంటయ్, పశువుల రోగాలుంటయ్, అవి వాళ్ల దేశానికి పోతయని కానూన్ ఉన్నదట. మద్రాసు ఏజెంటు ఇప్పుడు చెప్పిండని నీ సేటు దేవదాస్ టెలిగ్రాం కొట్టిండు. గడ్డి వద్దు, ఊక వద్దు, చెక్కపొట్టు గూడ వద్దు. మార్చకుంటె పెట్టెలు కాలబెడుతరట."

అంబదాస్ దగ్గర ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు. చెక్కపొట్టయినా వాడొచ్చన్న ఆశ కూడా ఆ మాటతో పోయింది. గడ్డి పరిచింది నర్మద. మెత్తటి గడ్డి ఏరి, ముళ్లు తీసి, ఒక్కో చిలుకనూ పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టింది.

"వ్యాగన్ ఎప్పుడు సారూ?" అని అడిగాడు కాసేపటికి.

"శుక్రవారం పొద్దుగాల. ఆ వ్యాగన్ తప్పితె ఓడ అందదు. గీ ఓడ పోతె మల్ల ఎప్పుడో నేను చెప్పలేను." రాయమల్లు అతని ముఖం చూసి గొంతు తగ్గించాడు. "జర ఫికర్ తక్కువ చెయ్. శుక్రవారం దాంక పెట్టెలు షెడ్డుల ఉండనిస్త. అది నా చేతుల ఉన్న పని."

అంబదాస్ అక్కడే కూర్చుని ఆలోచించాడు. గుడ్డపేలికలు సరిపోవు. ఇరవై పెట్టెలకు ఎన్ని గుడ్డలు కావాలి? షెడ్డులో ఇంకో మూల కూలీలు పెద్ద పెద్ద కాగితం కట్టలు దొర్లిస్తున్నారు. ఒక కట్ట చుట్టూ వేసిన గోనె చిరిగి, లోపల కుక్కిన కాగితపు పీలికలు బయటికి వేలాడుతున్నాయి. తెల్లగా, పొడుగ్గా, సేమ్యాల్లా ఉన్నాయి. అంబదాస్ లేచి వెళ్లి ఒక గుప్పెడు తీసి నలిపి చూశాడు. వదలగానే మళ్లీ ఉబ్బాయి.

"సారూ, కాగితం వద్దని రాసిన్రా అండ్ల?"

రాయమల్లు టెలిగ్రాం రెండుసార్లు చదివాడు. "కాగితం పేరు లేదు."

"గివి ఏడికెల్లి వచ్చినయ్?"

"ఏడికెల్లి వస్తయ్, కాగజ్‌నగర్ మిల్లు నుంచే."

కాగజ్‌నగర్ మిల్లులో నర్మద తమ్ముడు కొమురెల్లి పనిచేస్తున్నాడు. అంబదాస్ మధ్యాహ్నం ప్యాసింజర్ ఎక్కాడు. బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్ దాటి రైలు కాగజ్‌నగర్ చేరేసరికి మిల్లులో పొద్దుటి పాళీ దిగుతోంది. గేటు బయట గుంపులో బావను చూసి కొమురెల్లి కంగారు పడ్డాడు.

"బావా, అక్క మంచిగున్నదా?"

"అందరు మంచిగున్నరు. నాకు కాగితం పీలికలు కావాలె. ఎనిమిది గోనెలు."

కొమురెల్లికి సంగతి అర్థం కావడానికి ఒక చాయ్ తాగేంతసేపు పట్టింది. అతను కాగితం అంచులు కత్తిరించే విభాగంలోనే ఉన్నాడు. అక్కడ పీలికలు రోజూ గుట్టలు పడతాయి. కానీ అవి పారేసేవి కావు, మళ్లీ ఉడకబెట్టి కాగితం చేసేవి. సూపర్‌వైజర్ ఒప్పుకోకుండా గుప్పెడు కూడా గేటు దాటదు.

మర్నాడు పొద్దున కొమురెల్లి బావను వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పోయాడు. అంబదాస్ మాటలు కూడగట్టుకోలేక సంచిలోంచి ఒక చిలుకను తీసి బల్ల మీద పెట్టాడు. పగిలితే మార్చడానికని విడిగా తెచ్చుకున్న నాలుగు చిలుకల్లో అదొకటి. సూపర్‌వైజర్ దాన్ని చేతిలోకి తీసుకుని, నిజమైన ఈకేమో అన్నట్టు రెక్క మీద గోటితో మెల్లగా రాశాడు.

"దీన్ని ఆస్ట్రేలియా పంపుతున్నవా?"

"ఆరు వందలు పంపుతున్న సారూ. గడ్డి వద్దన్నరు."

ఆయన చిలుకను తిరిగి ఇచ్చేసి కొమురెల్లి వైపు తిరిగాడు. "శుభ్రంగ ఉన్నయి చూసి నింపియ్యి. నూనె మరకలున్నవి వద్దు. గేటు చిట్టీ నేను రాస్త." అంతే. రాత్రంతా ఎలా బతిమాలాలా అని అనుకుంటూ పడుకున్న అంబదాస్‌కు, ఒక్క మాటతో పని అయిపోయింది.

మంగళవారం సాయంత్రానికి ఎనిమిది గోనెలు మంచిర్యాల చేరాయి. బుధవారం తెల్లవారి అంబదాస్ ఇద్దరు హమాలీలతో పెట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో చిలుకనూ తీసి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, గడ్డిపోచ ఒక్కటి కూడా లేదని చూసి, పీలికల్లో పెట్టాలి. ఆరు పెట్టెలు అయ్యాయి. పని తేలికగా సాగిపోతోందనుకుంటుండగా రాయమల్లు అటుగా వచ్చి, ఏడో పెట్టెలోని చిలుకను ఒకదాన్ని ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి అడుగు చూశాడు. ఇంకొకటి తీసి చూశాడు.

"అంబదాస్, ఇటు రా. గివి ఎవలు రాసిన్రు?"

"మా అక్క. రేకు పెట్టి అద్దింది. ఏమైంది?"

"ఉల్టా ఉన్నయ్. అద్దంల చూసినట్టు. రేకు తిరగేసి పెట్టింది."

అంబదాస్ రెండు చిలుకలను పక్కపక్కన పెట్టి చూశాడు. ఆరో పెట్టెలోది ఒకటి, ఏడో పెట్టెలోది ఒకటి. అతనికి రెండూ గీతలే. రాయమల్లు వేలు పెట్టి చూపించాడు. "గీ అక్షరం చూడు. దీనికి పొట్ట కుడిదిక్కు ఉండాలె. గిండ్ల ఎడమదిక్కున్నది. గిట్ల పోతె పేరు లేనట్టే లెక్క. అక్కడ రేవుల పక్కకు పెడుతరు."

అన్ని పెట్టెలూ విప్పి చూస్తే మూడు పెట్టెల్లో అలాగే ఉంది. తొంభై చిలుకలు.

హమాలీలు పని ఆపి నిలబడ్డారు. అంబదాస్‌కు ఆ మూడు పెట్టెలనూ పక్కకు జరుపుతుండగా ఒక ఆలోచన వచ్చింది.  గడ్డి మాట రాకపోయి ఉంటే ఈ పెట్టెలు ఎవరూ విప్పేవాళ్లు కాదు. తొంభై చిలుకలూ సముద్రం దాటి, అక్కడ తప్పుగా తేలి, ఏడాది కష్టం, తమ పేరు అక్కడే ఆగిపోయేవి. ఇక్కడ బయటపడింది కాబట్టి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది.

"సారూ, నిర్మల్ బస్సు ఎన్ని గంటలకు?"

ఎనిమిదింటి బస్సు కండక్టరుకు అంబదాస్ మాట అప్పజెప్పాడు. గంగుబాయిని రంగులు, కుంచెలు, రేకు తీసుకుని మధ్యాహ్నం బస్సుకు బయల్దేరి రమ్మనాలి. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆమె దారిపొడుగునా ఏడుస్తుందని భయం.

గంగుబాయి పొద్దు గూకే వేళకు బస్సు దిగింది. చంకలో రంగుల డబ్బాల మూట, చేతిలో గుడ్డలో చుట్టిన రేకు. ఖానాపూర్ దాటి ఎన్నడూ ఒంటరిగా రాని మనిషి.

"ఎవలికన్న ఏమన్న అయిందా?" అన్నది దిగీ దిగంగానే.

"ఎవలికేం కాలే అక్కా. బొమ్మల పనే."

షెడ్డులో రెండు చిలుకలు చూపించి, రాయమల్లు చెప్పిందంతా చెప్పాడు.  గంగుబాయి రేకు విప్పి, ఒకవైపు చూసి, తిప్పి రెండోవైపు చూసింది.

"ఒకనాడు రంగు అట్టలు కడితె రేకు కడిగి ఎండబెట్టిన. మల్ల పట్టినప్పుడు ఎటుదిక్కు పట్టిన్నో... ఎటు తిప్పినా రంధ్రాలేనాయె." ఆమె రేకును కింద పెట్టింది. "పదేండ్ల పిల్లప్పటి సంది కుంచె పట్టుకున్న. నా చెయ్యి తప్పిందని ఎవ్వలు అనలే."

"చెయ్యి తప్పలే అక్కా. చదువు లేకపాయె, గంతే. నాకుందా? ఆ తొంభైని నా కండ్లతోటే చూసి నర్మదకు అందిచ్చిన. నీది సగం తప్పయితె నాది సగం."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే. పొద్దుగాల లేస్త. ముందుగాల గీ అక్షరాలు ఏందో ఆ సారును నాకు చెప్పమను."

గురువారం తెల్లవారుతూనే రాయమల్లు బొగ్గుముక్కతో నేల మీద అక్షరాలు రాసి ఒక్కొక్కటీ చెప్పాడు. గంగుబాయి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని వింది. "ఇది పొట్టది. ఇది మూడు పండ్ల దువ్వెన. ఇది వంకర నిచ్చెన మెట్టు," అని తన పేర్లు తాను పెట్టుకుంది. తర్వాత రేకుకు సరైన వైపు మూలన ఎర్రచుక్క పెట్టింది. అంబదాస్ కత్తి మొనతో, గరుకు కాగితంతో పాత అక్షరాలు గీకి ఇస్తుంటే ఆమె అడుగుకు కొత్త రంగు వేయసాగింది.

పది చిలుకలు అయ్యాయో లేదో, బొగ్గు రైలు ఒకటి షెడ్డు పక్కగా పోయింది. తడి రంగు మీద మసి నల్లటి మిరియాల్లా రాలింది. గంగుబాయి కుంచె కింద పెట్టి పట్టాల వైపు చూసింది. దినమంతా ఎన్ని రైళ్లు పోతాయో రాయమల్లు చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"మా ఇంటికి పట్టుకురాండ్రి," అన్నాడు రాయమల్లు. "పట్టాలకు దూరం. గాలి గూడ అటు దిక్కు పోదు."

తొంభై చిలుకలను గంపల్లో మోసుకుని అతని క్వార్టరుకు పోయారు. రాయమల్లు భార్య యాదవ్వ వాకిలి ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, నులకమంచం ఒకటి ఎండలో వేసింది. దాని మీద చిలుకలను తలకిందులుగా వరసగా పెట్టారు. గాలికి దుమ్ము పడకుండా యాదవ్వ తన పాత పలుచటి చీర తెచ్చి మంచం కాళ్లకు కర్రలు కట్టి పందిరిలా కప్పింది. ఆ ఎండకు రంగు చూస్తుండగానే ఆరింది. ఆరిన తర్వాత అంబదాస్ రేకు పట్టుకుంటే గంగుబాయి నల్లరంగు అద్దింది. ప్రతిసారీ ఎర్రచుక్క చూసుకున్నాకే కుంచె ముట్టుకునేది.

మధ్యాహ్నం యాదవ్వ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. తిన్నాక గంగుబాయి ఒక చిలుక చేతిలోకి తీసుకుని యాదవ్వకు చూపించి, వేలు పెట్టి నెమ్మదిగా అక్షరాల పేర్లు చెప్పింది. సారు చెప్పిన పేర్లే చెప్పింది, తన పేర్లు కాదు. ఒక్కటి తప్పింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

"నాకంటె నువ్వే నయం వదినె," అన్నది యాదవ్వ. "గీ మనిషి గిన్నేండ్ల సంది రైల్ల పనిచేస్తుండు, నాకు ఒక్క అక్షరం చెప్పలే."

నాలుగింటికి తొంభయ్యోది అయింది. రాయమల్లు డ్యూటీ మధ్యలో వచ్చి ఒక్కొక్కటే తిప్పి చదివాడు. అంబదాస్ అతని పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాడు. తొంభైసార్లు పెదవులు ఒకే తీరుగా కదిలాయి. ఆఖరిది కింద పెట్టి, "అన్ని మంచిగున్నయ్," అన్నాడు రాయమల్లు. గంగుబాయి అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. పొద్దున్నుంచి ఆమె కాళ్లు చాపింది అప్పుడే.

చీకటి పడకముందే వాటిని షెడ్డుకు తెచ్చి, మిగతా పెట్టెలతో పాటు పీలికల్లో కూర్చి మూతలకు మేకులు కొట్టారు. పాత గడ్డి అంతా రాయమల్లు బర్రెకు పోయింది. శుక్రవారం పొద్దున ఇరవై పెట్టెలూ వ్యాగన్ ఎక్కాయి. తలుపు మూసి సీలు వేశాక కూడా అంబదాస్, ఆ వ్యాగన్ ముందుకూ వెనక్కూ జరిపి గూడ్సు బండికి తగిలించేదాకా అక్కడే ఉన్నాడు. గార్డు పచ్చజెండా ఊపాడు. చివరి డబ్బా సిగ్నల్ దాటాక చూస్తే పక్కన అక్క లేదు. వెనక్కి తిరిగితే, షెడ్డు నీడలో గోడకు ఆనుకుని, రంగుల మూట ఒళ్లో పెట్టుకుని, గంగుబాయి కూర్చున్నచోటే నిద్రపోయి ఉంది. బస్సు వచ్చేదాకా అతను ఆమెను లేపలేదు.

శ్రావణం వెళ్లేదాకా ఏ కబురూ లేదు. ఆ మూడు నెలలూ వాళ్లు ఎప్పటిలాగే జాతర బొమ్మలు చేసుకున్నారు. తపాలా మనిషి వీధిలోకి వస్తే మాత్రం నర్మద చేతిలో పని ఆపి తలుపు దగ్గరికి వచ్చేది. ఒకరోజు ఆయన ఆగాడు. దేవదాస్ కవరు మందంగా ఉంది. హనుమండ్లు పంతులు బడి వదిలాక వచ్చి అరుగు మీద కూర్చుని విప్పాడు. ముగ్గురూ ఎదురుగా నిలబడ్డారు.

"సరుకు అందిందట," అన్నాడు పంతులు చదువుతూ. "ఆరు వందలు అందినయ్. ఒక్క ముక్కు ఇరగలేదట. రేవుల పెట్టెలు విప్పి చూసి, ఏ అడ్డం లేకుంట వదిలేసిన్రట."

 అంబదాస్ మెల్లగా అరుగు చివర కూర్చున్నాడు. నర్మద లోపలికి పోయి పంతులుకు చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చి ఇవ్వడం మరిచి తనే తాగేసింది. అది చూసి గంగుబాయి నవ్వింది. తర్వాత నర్మదకూ నవ్వు ఆగలేదు.

"ఇంకా ఉన్నది," అన్నాడు పంతులు. "మల్ల ఎనిమిది వందలు కావాలంటున్నరు. అండ్ల సగం చిలుకలు. సగం వాళ్ల దేశపు పిట్టలు కావాలట. బొమ్మ పంపిన్రు, గిట్లనే చెయ్యగలరా అని అడుగుతున్నరు."

కవరులోంచి రంగుల బొమ్మ ఒకటి తీశాడు. అంబదాస్ దాన్ని అందుకుని చూశాడు. అలాంటి పిట్టను అతను ఎన్నడూ చూడలేదు. పెద్ద తల, లావు ముక్కు, మెడ లేనట్టు కూర్చుంది. ఏ కర్రలోంచి ఎలా తియ్యాలా అని ఆలోచిస్తుండగా గంగుబాయి దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. వెలుగులోకి పట్టుకుని, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది.

"ఇది మన వాగు కాడి లకుముకి పిట్టనే గదరా తమ్మీ. జర లావైంది, గంతే. చేస్తమని రాయమను."